చూపులేనివారికి ఆసుపత్రి ఆమడ దూరం
తోడు మనిషి ఉంటేనే వైద్యం: చట్టం చెప్పేది ఒకటి, పల్లెల్లో జరిగేది మరొకటి

(మా గ్రామీణ విలేఖరి)

మహబూబ్‌నగర్: కంటి జబ్బులకు వైద్యం గత యాభై ఏళ్లలో మన పల్లెలకు ఎంతో కొంత చేరింది. కంటి శిబిరాలు వచ్చాయి, శుక్లాల ఆపరేషన్లు జరిగాయి, కళ్లద్దాలు ఇంటికి వచ్చాయి. కాని ఏ వైద్యానికీ చూపు తిరిగి రాదని తేలినవారి సంగతి వేరు. వారికి జ్వరం వచ్చినా, షుగరు వచ్చినా, కాలికి పుండు లేచినా ఆసుపత్రికి పోయి చూపించుకుని రావడం నేటికీ గగనంగానే ఉన్నది. కన్ను బాగు చేయడం గురించి ఆలోచించినంతగా, కన్నులేని మనిషి ఒళ్లు బాగు చేయడం గురించి ఎవరూ ఆలోచించినట్లు కనిపించదు.

ఇటీవల ఒక సోమవారం ఉదయం జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వద్ద ఈ విలేఖరి రెండు గంటలపాటు కూర్చుని చూశాడు. అరవై ఏళ్లు దాటిన ఒక వృద్ధుడు చేతికర్రతో వచ్చి వేపచెట్టు కింది అరుగుమీద కూర్చున్నాడు. రెండు కళ్లూ లేవు. వెంట పదకొండేళ్ల మనుమడు ఉన్నాడు. ఓ.పి. చీటీ కోసం వరుసలో నిలబడినది ఆ పిల్లవాడే, బి.పి. చూసే గది ఎక్కడో అడిగి తెలుసుకున్నదీ ఆ పిల్లవాడే. డాక్టరు గదిలోకి వెళ్లాక డాక్టరు కూడా ఆ పిల్లవాని వైపే చూసి, "తాతకు ఏమైంది?" అని అడిగారు. "జెరం సార్" అన్నాడు వాడు. రెండు నిమిషాల్లో మందుల చీటీ చేతికి వచ్చింది.

బయటికి వచ్చిన తరువాత ఆ పెద్దాయన ఈ విలేఖరితో మెల్లగా అన్న మాట ఇది: "నాలుగు దినాలసంది ఒంటికి పోతే మంట లేస్తున్నది సారూ. రగతం గూడ పడ్తున్నదేమో, నాకేమెరుక? కండ్లు ఉంటే సూసుకుందును. మన్మని ముందట ఆ ముచ్చట ఎట్ల జెప్పాలె?"

అసలు జబ్బు సంగతి డాక్టరు దాకా పోనేలేదు. చీటీమీద జ్వరం మాత్రలు మాత్రమే ఉన్నాయి. పిల్లవాణ్ని చెట్టు కింద కూర్చోబెట్టి, ఆయనను మళ్లీ లోపలికి తీసుకువెళ్తే డాక్టరు సావధానంగా విన్నారు. మూత్ర పరీక్ష రాశారు, మందులు మార్చారు. "రోజూ వందమందికి తక్కువ రారు. ఎవరు చెబితే వారినే అడుగుతాం. ఇకముందు గుర్తుంచుకుంటాను" అని కూడా అన్నారు. కనుక ఇక్కడ దోషం ఆ డాక్టరుది అని చెప్పడానికి వీల్లేదు. కన్నులేని మనిషి తనంతట తాను వచ్చి తన జబ్బు తానే చెప్పుకుంటాడన్న ఆలోచన ఆ ఆసుపత్రి ఏర్పాటులోనే లేదు. చీటీ దగ్గరినుంచి మందుల కిటికీ దాకా అన్నీ చూపున్నవారి కోసం, లేకుంటే చూపున్న తోడు మనిషి కోసం పెట్టినవే.

తోడు దొరకని ఊళ్లు

తోడు మనిషి అన్నది ఒకప్పుడు పెద్ద సమస్య కాదు. ఇంట్లో పదిమంది ఉండేవారు. పాలమూరు జిల్లా సంగతి అందరికీ తెలిసినదే. పనికోసం హైదరాబాదు, బొంబాయి, పూణే వలసపోవడం ఇక్కడ తరాలుగా సాగుతున్నది. ఇటీవల కాలువల నీళ్లు వచ్చి కొన్ని మండలాల్లో వలస తగ్గినా, పడుచువాళ్లు పట్నంలో స్థిరపడిన ఇళ్లు ఊరూరా ఉన్నాయి. అటువంటి ఇళ్లలో మిగిలేది ముసలివారు, పసిపిల్లలు. చూపు పోయేది కూడా ఎక్కువగా ముసలివారికే. అంటే తోడు ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తోడు దొరకడం లేదు.

ఉన్న ఊళ్లో ఎవరినైనా బతిమాలి తీసుకుపోదామంటే వారికి ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలి ఇవ్వాలి, చాయ్ తాగించాలి, బస్సు కిరాయి పెట్టుకోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు లేని ప్రయాణం వచ్చింది. కన్నులేని ఆడమనిషికి ఇది కొంత మేలే చేసింది. కాని వెంట వచ్చే కొడుకుకో భర్తకో టిక్కెట్టు తప్పదు. రైల్వేవారు మాత్రం పూర్తిగా చూపులేని ప్రయాణికునితోపాటు వెంట వచ్చే ఒక మనిషికి కూడా టిక్కెట్టులో రాయితీ ఇస్తున్నారు. కన్నులేనివారు తోడులేకుండా కదలడం కష్టమని రైలుబండికి తెలిసింది గాని ఆసుపత్రికి తెలియకపోవడం విచిత్రం.

ఉచిత వైద్యం అంటే ఉచితం కాదన్న సంగతి ఇక్కడే తేటతెల్లమవుతుంది. మందులకు పైసా తీసుకోని సర్కారు దవాఖానకు పోయి రావడానికి కూడా కన్నులేని మనిషికి రెండు మనుషుల ఖర్చు అవుతున్నది. అందుకే చాలామంది జబ్బు ముదిరేదాకా ఇంట్లోనే ఉండి, దగ్గరలోని ఆర్.ఎం.పి.ని పిలిపించుకుని సూది వేయించుకుంటున్నారు. శుక్లాల ఆపరేషనుకు ఎందుకు పోలేదని అడిగిన సర్వేలలో కూడా "తీసుకుపోయే మనిషి లేడు" అన్న జవాబు మళ్లీ మళ్లీ వస్తున్న మాటే.

శిబిరాల మేలును కాదనలేము

ఇంతవరకు జరిగిన పనిని తక్కువ చేయడం ఈ విలేఖరి ఉద్దేశం కాదు. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 1976లో ప్రారంభించింది. అప్పట్లో దేశంలో నూటికి 1.4 మంది అంధులని అంచనా. దానిని 0.3కు తేవాలన్నది లక్ష్యం. 2015-19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో అది 0.36 అని తేలింది. యాభై ఏళ్లు దాటినవారిలో మాత్రం ఇంకా నూటికి దాదాపు ఇద్దరు అంధులుగా ఉన్నారని, వారిలో మూడింట రెండు వంతుల మందికి కారణం శుక్లాలేనని ఆ సర్వే చెప్పింది. శుక్లం అంటే మన పల్లెల్లో మోతిబిందు అనేదే. ఆపరేషనుతో చూపు తిరిగి వచ్చే జబ్బు అది.

మన జిల్లాకు ఈ విషయంలో పాత పరిచయమే ఉన్నది. 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పెద్ద కంటి జబ్బుల అధ్యయనానికి ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్ మిగిలిన మూడు. పదివేల మందికి పైగా పరీక్షించగా నూటికి 1.84 మంది అంధులని తేలింది. ఆ అధ్యయనం చేసిన ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థను డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించారు. పట్నంలో కూర్చుంటే పల్లె కన్ను బాగుపడదని గ్రహించి, ఆ సంస్థవారు ఆనాటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్ వంటి చోట్ల గ్రామీణ కంటి ఆసుపత్రులు పెట్టారు. పల్లెల్లో చిన్న చిన్న దృష్టి కేంద్రాలు తెరిచి, ఆ ఊళ్ల పిల్లలకే శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టారు.

ఆ తరువాత తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో 'కంటి వెలుగు' ప్రారంభించింది. కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలై వంద పనిదినాల కార్యక్రమంగా సాగింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2019 అక్టోబరు 10న ఇదే పేరుతో అనంతపురంలో కార్యక్రమం మొదలైంది. చత్వారంతో సూదిలో దారం ఎక్కించలేని ఆడవారు, బియ్యంలో రాళ్లు ఏరలేని అవ్వలు అద్దాలు పెట్టుకుని సంతోషించడం మనం కళ్లారా చూసినదే.

లెక్క తగ్గింది, మనుషులు మిగిలారు

అయితే ఈ లెక్కల వెనుక పాఠకులు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆరు మీటర్ల దూరంలో చూపించిన వేళ్లు లెక్కపెట్టలేనివానిని జాతీయ కార్యక్రమం మొదట్లో అంధుడనేది. 2017లో ఆ దూరాన్ని మూడు మీటర్లకు తగ్గించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతతో సమానం చేయడానికే ఇలా చేశామని ప్రభుత్వం చెప్పింది. అందులో దురుద్దేశం లేకపోవచ్చు. కాని నాలుగు మీటర్ల దూరంలో వేళ్లు కనిపించని మనిషి నిన్న అంధుల లెక్కలో ఉండి నేడు మందదృష్టి లెక్కలోకి మారాడు. అతని కంటికి మాత్రం ఏ మార్పూ రాలేదు. లెక్క తగ్గడంలో ఆపరేషన్ల ఫలితం నిజమే అయినా కొలత మారిన ఫలితం కూడా కొంత ఉన్నదని చెప్పక తప్పదు.

ఇక శిబిరానికి వచ్చినవారిలో కొందరికి అక్కడి డాక్టరు "మీకు చూపు రాదు" అని చెప్పి పంపుతారు. నీటి కాసులు ముదిరినవారు, షుగరుతో కంటి నరాలు దెబ్బతిన్నవారు, చిన్నతనంలో నల్లగుడ్డుమీద పువ్వు వేసి ఆలస్యమైనవారు, పుట్టుకతోనే చూపులేనివారు ఇందులో ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తంమీద చూపు లోపం ఉన్నవారు 50 లక్షల 32 వేల మందికి పైగా ఉన్నారు. శిబిరం తలుపు వీరికి మూసుకున్న తరువాత వీరు ఎక్కడికి పోవాలో చెప్పే మనిషి ఉండడు. చేతికర్ర పట్టి నడవడం ఎవరు నేర్పుతారు, మిగిలిన కొద్దిపాటి చూపును భూతద్దాలతో ఎలా వాడుకోవాలి అన్న విషయాలు చీటీమీద రాసి పంపేవారు అరుదు. సికిందరాబాదులో కేంద్ర ప్రభుత్వపు అంధుల సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఉన్నదని, కంటి సంస్థల్లో కూడా పునరావాస విభాగాలు ఉన్నాయని మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు?

పైగా షుగరు వల్ల కన్ను పోయినవానికి షుగరు పోదు. మూత్రపిండాలు, కాళ్లు, గుండె అన్నీ జాగ్రత్తగా చూసుకోవలసిన మనిషి అతను. చూపు ఉన్నప్పటికంటె చూపు పోయిన తరువాతనే అతనికి ఆసుపత్రి ఎక్కువ అవసరం. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి అతనికి దూరమవుతున్నది.

రెండు మాత్రలు ఒకటే ముట్టుడు

మాత్రల చిక్కు ఎంత ప్రమాదమో ఈ విలేఖరికి ఇంటి అనుభవమే ఉన్నది. ఈ విలేఖరి మేనమామకు నీటి కాసుల వల్ల ఏడేళ్ల క్రితం రెండు కళ్లూ పోయాయి. బి.పి., షుగరు రెండూ ఉన్నాయి. ఒక నెల ఆసుపత్రిలో ఇచ్చిన బి.పి. మాత్ర, షుగరు మాత్ర చేతికి ఒకే రకంగా తగిలాయి. అదే పరిమాణం, అదే రేకు. అత్తమ్మ కూలికి పోయిన రోజున ఆయన తడుముకుని బి.పి. మాత్ర అనుకుంటూ రెండోసారి షుగరు మాత్రే వేసుకున్నాడు. అన్నం కూడా సరిగా తినలేదు. పదకొండు గంటల వేళ ఒళ్లంతా చెమటలు పట్టి మంచం పక్కన పడిపోయాడు. పక్కింటి ఆమె సంగతి గ్రహించి చక్కెర నీళ్లు తాగించబట్టి బతికి బయటపడ్డాడు. ఆమె కూడా ఆ రోజు కూలికి పోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

తరువాతి నెల ఆ మందులిచ్చేచోట ఈ సంగతి చెబితే, అక్కడి ఉద్యోగిని ఏమీ విసుక్కోకుండా షుగరు మాత్రల అట్టకు ఒక రబ్బరు బ్యాండు, బి.పి. మాత్రల అట్టకు రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టి, ఆయన చేతిలో పెట్టి రెండుసార్లు చెప్పించుకుంది. అప్పటినుంచి ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు. మూడు రబ్బరు బ్యాండ్ల ఖర్చు ఎంతో పాఠకులకు చెప్పనవసరం లేదు. ఆ మంచి పని ఆమె సొంత బుద్ధితో చేసింది గాని అలా చేయాలన్న నియమం ఎక్కడా లేకపోవడమే విచారకరం.

ఐరోపా దేశాల్లో మందుల పెట్టెలమీద మందు పేరు బ్రెయిలీ చుక్కల్లో ఉండాలని 2004లోనే నిబంధన తెచ్చారు. మన దేశంలో 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 రకాల మందులమీద క్యూ.ఆర్. ముద్ర తప్పనిసరి చేశారు. సెల్‌ఫోను చూపితే మందు పేరు, గడువు తేదీ తెలుస్తాయి. చదువుకుని, మాట్లాడే ఫోను వాడే పట్నంవారికి ఇది పనికివస్తుంది. ఆ చిన్న ముద్ర అట్టమీద ఎక్కడ ఉన్నదో కన్నులేని ముసలివానికి ఎలా తెలుస్తుంది? బ్రెయిలీ కూడా బడికి పోయి నేర్చినవారికే పనికివచ్చేది. అరవయ్యో ఏట చూపు పోయిన రైతుకు ఆ చుక్కలు తెలియవు. అందుకని మన పల్లెలకు కావలసినది చేతికి తెలిసే గుర్తు, చెవికి వినిపించే మాట.

ఆడవారి గోస వేరు

కన్నులేని ఆడవారి పరిస్థితి మరీ దయనీయం. ఒక మండల కేంద్రానికి దగ్గరి ఊరిలో పుట్టుకతో చూపులేని ఒక యువతి ఉన్నది. పెళ్లయి ఒక బిడ్డ తల్లి అయింది. కాన్పుకు ముందు ఆసుపత్రికి పోయినప్పుడల్లా అన్ని మాటలూ తన అత్తగారితోనే మాట్లాడారని, తనను నేరుగా అడిగినవారు తక్కువని ఆమె చెప్పింది. "కడుపు నాది, బిడ్డ నాది. నెల తప్పింది ఎప్పుడని మా అత్తమ్మను అడిగితే ఆమెకేం తెలుస్తది అన్నా? కండ్లు లేవుగాని నాకు చెవులు ఉన్నయి, నోరు ఉన్నది" అన్నది ఆమె. ఎవరు ముట్టుకుంటున్నారో, ఎందుకు ముట్టుకుంటున్నారో చెప్పకుండానే సూది గుచ్చేవారని కూడా ఆమె బాధపడింది.

చూపున్నవారు సూదిని చూసి ముందే పళ్లు బిగబట్టుకుంటారు. చూపులేనివారికి ఆ అవకాశం లేదు. "అమ్మా, నేను నర్సును, ఎడమ చేతికి సూది వేస్తున్నాను" అన్న ఒక్క మాట చాలు. అలాగే రోగి గుట్టు రోగికే చెప్పాలన్నది వైద్యంలో మొదటి మర్యాద. తోడు వచ్చినవారి ముందు అన్నీ గట్టిగా చెప్పడం వల్ల ఎన్నో ఇళ్లలో ఆడవారు తమ జబ్బును దాచుకుంటున్నారు.

చట్టం ఏమంటున్నది?

ఇదంతా దయతో చేయవలసిన పని అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 2016లో పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్నది. దానిలోని 25వ సెక్షను ఆరోగ్యం గురించి మూడు సంగతులు స్పష్టంగా చెబుతున్నది. ఒకటి, ప్రభుత్వం నిర్ణయించిన ఆదాయ పరిమితికి లోబడి, ముఖ్యంగా గ్రామాల్లో, ఇంటికి దగ్గరలోనే ఉచిత వైద్యం అందించాలి. రెండు, సర్కారు ఆసుపత్రి గాని ప్రైవేటు ఆసుపత్రి గాని అన్ని భాగాల్లోకి అడ్డంకి లేకుండా పోగలిగేలా ఉండాలి. మూడు, చూడడంలో, చికిత్స చేయడంలో వారికి ప్రాధాన్యం ఇవ్వాలి. అంటే వరుసలో ముందు పంపడం ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, హక్కు.

సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగానే పట్టుకున్నది. చూపులేని రాజీవ్ రతూరి అనే ఆయన 2005లో వేసిన కేసులో 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. వికలాంగులకు అందుబాటు కల్పించే నిబంధనలు సలహాల మాదిరిగా ఉంటే చాలదని, తప్పనిసరిగా పాటించవలసిన నిబంధనలు మూడు నెలల్లో చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో దేశంలోని పరిస్థితిపై నివేదిక ఇచ్చినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంవారే. 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన మరో తీర్పులో, ఫోనుముందు కన్ను ఆర్పితేగాని బ్యాంకు ఖాతా గుర్తింపు పూర్తికాని పద్ధతిని మార్చాలని కోర్టు చెప్పింది. కన్నులేనివానిని కన్ను ఆర్పి చూపమనడం ఎంత విడ్డూరమో వేరే చెప్పాలా? ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో కూడా ఓ.పి. చీటీకి ఫోనుతో ముద్రను స్కాను చేసే పద్ధతి వస్తున్నది. నంబరు తెరమీద కనిపిస్తుంది. ఆ నంబరును నోటితో పిలిచే మనిషి లేకపోతే చూపులేనివాడు సాయంత్రందాకా బల్లమీదే కూర్చోవాలి.

పట్నంలోని న్యాయస్థానం మాట మండలంలోని మందుల కిటికీ దాకా దిగిరావడానికి ఎన్నేళ్లు పడుతుందన్నదే అసలు ప్రశ్న. ఆసుపత్రి గోడమీద ఈ 25వ సెక్షను రాసి ఉన్నచోటు ఈ విలేఖరి కంట ఇంతవరకు పడలేదు.

సర్టిఫికెట్టు కోసం అవస్థ

ఏ హక్కు అడగాలన్నా ముందు కాగితం కావాలి. 2021 జూన్ 1 నుంచి దేశమంతటా వికలాంగుల ధ్రువీకరణ పత్రం యు.డి.ఐ.డి. పద్ధతిలోనే ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. మీసేవలో దరఖాస్తు, ఆపైన తేదీ, ఆపైన జిల్లా ఆసుపత్రిలో పరీక్ష. కంటి పరీక్షలో నూటికి 40 శాతం లోపం తేలితేనే పింఛను వంటివాటికి అర్హత. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగా ఉన్నవారికి 30 శాతమే వస్తుంది. ఒంటికన్నువారు మళ్లీ మళ్లీ తిరిగి డబ్బులు పోగొట్టుకోకుండా ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. మధ్యదళారులు "శాతం పెంచిస్తాం" అని అడిగే డబ్బు ఇవ్వవద్దు.

వికలాంగుల పింఛను మన రాష్ట్రంలో 2023లో నెలకు 4,016 రూపాయలు అయింది. పక్కనే తుంగభద్ర దాటితే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 చేశారు. పింఛను డబ్బు అవసరమే, ఎవరూ కాదనరు. కాని ఆ డబ్బులో ఒక భాగం నెలనెలా ఆసుపత్రి తోడు మనిషికే పోతుంటే ఆ పింఛను ఎవరిని పోషించినట్లు? ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుని భత్యం ఇచ్చే ఏర్పాటు చేయాలని అదే చట్టం 24వ సెక్షనులో చెబుతున్నది. ప్రభుత్వం దాని సంగతి ఆలోచించాలి.

పైసా ఖర్చులేని పనులు

కొత్త భవనాలు, కొత్త యంత్రాలు వచ్చేదాకా ఆగవలసిన పని లేదు. మండల స్థాయిలోనే రేపటినుంచి చేయదగినవి కొన్ని ఉన్నాయి.

ఓ.పి. చీటీ రాసేవారు చూపులేనివారి చీటీమీద ఒక గుర్తు వేయాలి. ఆ గుర్తు చూసిన ప్రతి గదివారూ పేరు పెట్టి పిలవాలి. వారంలో ఒక రోజు ఆశా కార్యకర్తలలో ఒకరు, అటెండరు గాని తోడులేకుండా వచ్చినవారిని గది గదికీ తీసుకుపోవడానికి బాధ్యులుగా ఉండాలి. ఆ రోజు ఏదో ఊళ్లో అందరికీ తెలియాలి. తీసుకుపోయేటప్పుడు చేతికర్ర పట్టి లాగరాదు. మన మోచేయి వారిని పట్టుకోనిచ్చి, మెట్టు వస్తే చెబుతూ ఒక అడుగు ముందు నడవాలి.

డాక్టరు, నర్సు ముందుగా తామెవరో చెప్పి, రోగినే అడగాలి. మందులిచ్చేచోట రబ్బరు బ్యాండు, దారం ముడి, అట్ట మూల కత్తిరింపు వంటి గుర్తులు పెట్టి, ఏ గుర్తు ఏ పూటకో రోగి నోట మళ్లీ చెప్పించుకోవాలి. కొద్దిపాటి చూపు ఉన్నవారి కోసం మెట్ల అంచులకు పసుపు రంగు పట్టీ వేయాలి. పంచాయతీలో మిగిలిపోయిన రంగు డబ్బా ఒకటి చాలు.

అన్నిటికంటె ముఖ్యం, ప్రతి ఊళ్లో చూపులేనివారి జాబితా ఒకటి ఉపకేంద్రంలో ఉండాలి. పింఛను జాబితా పంచాయతీలో ఉండనే ఉన్నది. ఆశా కార్యకర్త ఎలాగూ ఇల్లిల్లూ తిరిగి బి.పి., షుగరు వివరాలు రాసుకుంటున్నది. నెలకోసారి ఈ ఇళ్లకు పోయి చూసి, మాత్రలు అక్కడే ఇస్తే సగం ప్రయాణాలు తప్పుతాయి.

ఇంకొక సంగతి. కంటి శిబిరం గురించి ఊళ్లో ఇప్పటికీ గోడపత్రిక అంటిస్తున్నారు. వాట్సాప్‌లో బొమ్మ పెడుతున్నారు. కన్ను కనిపించనివారిని పిలవడానికి కంటితో చదివే కాగితం అంటించడం కంటె హాస్యాస్పదం మరొకటి లేదు. ఒకప్పుడు ఊరి దండోరా ఈ పని చక్కగా చేసేది. ఇప్పుడు పంచాయతీ చెత్త ట్రాక్టరుకు మైకు ఉన్నది. రోజూ పాట వేస్తూ వీధి వీధీ తిరుగుతున్నది. ఆ మైకులో నాలుగు మాటలు చెప్పిస్తే చాలు.

ఊరివారి బాధ్యత

అంతా ప్రభుత్వంమీద తోసి చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదు. చూపు పోయిన పెద్దలను "ఇంకెందుకు దవాఖాన, ఉన్నన్నాళ్లు ఉంటారు" అని మూలన కూర్చోబెట్టే ఇళ్లు మన ఊళ్లలో లేకపోలేదు. వారికి వచ్చిన జ్వరం కూడా జ్వరమే, వారి నొప్పి కూడా నొప్పే. మండల కేంద్రానికి రోజూ మోటారు సైకిలుమీద పోయే పడుచువాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. నెలకు ఒక్కసారి ఒక్క మనిషిని ఆసుపత్రి దాకా దింపి తీసుకువస్తే ఎవరి పనీ ఆగదు. మహిళా సంఘాలు తమ నెలవారీ సమావేశంలో ఈ మాట ఒకసారి ఎత్తితే ఇంకా మంచిది.

షుగరు ఉన్నవారు చూపు బాగానే ఉన్నా ఏడాదికొకసారి కంటి నరం పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా నీటి కాసులు ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు అందరూ చూపించుకోవాలి. ఆ జబ్బుతో పోయిన చూపు మళ్లీ రాదు. ఉన్నది నిలుపుకోవడం మాత్రమే మన చేతిలో ఉన్నది.

వేపచెట్టు కింద కూర్చున్న ఆ పెద్దాయన వారం తరువాత మళ్లీ కనిపించాడు. మంట తగ్గిందట. "ఈపారి డాక్టరు సారు నన్నే అడిగిండు. ఏమైంది పెద్దమనిషీ అన్నడు. మన్మడు బడికి పోయిండు" అని చెప్పి నవ్వాడు. ఆ రోజు ఊరివారొకరు బండిమీద దింపి పోయారట. అడగవలసినవారిని అడగడం, పిల్లవాణ్ని బడిలో ఉంచడం, వచ్చిన మనిషిని గదిదాకా చేర్చడం అన్నవి ఒక్క ఆసుపత్రిలో, ఒక్క మనిషి విషయంలో జరిగాయి. జిల్లా అంతటా జరగడానికి కావలసినది జిల్లా వైద్యాధికారుల నుంచి ఒక్క ఉత్తరువు. ఆ ఉత్తరువు కోసం కన్నులేనివారు మాత్రమే కాదు, వారి చేయి పట్టుకుని బడి మానుతున్న పిల్లలు కూడా ఎదురుచూస్తున్నారు.